గ్లాసులో చారు

మృదుల పంటి ఫిల్లింగ్ మళ్లీ ఊడింది. గట్టిదేదో కొరికితే ఊడిందన్నా ఒక తృప్తి ఉండేది. ఆఫీసు వాళ్లతో వీడియో మీటింగులో కూర్చుని మాట్లాడుతుండగా నాలుక కింద ఇసుక రేణువులాంటిదేదో కదిలింది. కెమెరా ఆపేసి, వేలితో తీసి, కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. బియ్యపు నూకంత ముక్క. పెట్టించుకున్న రోజున ఏది పన్నో ఏది ఫిల్లింగో తెలియకుండా కలిసిపోయి ఉన్నది, ఇప్పుడు పాత పింగాణీ కప్పులా పసుపు తేలి, అంచున గోధుమరంగు గీత పడి ఉంది.

ముందు పళ్లను ఆనుకుని ఉన్న పన్ను అది. చిగుళ్ల దగ్గర గుంట. ఏడాదిన్నరలో ఊడడం ఇది మూడోసారి.

కెనడాలోని రెజైనాలో జనవరి అంటే తలుపు తీసి బయట అడుగు పెట్టగానే ముక్కులోపలి తడి కూడా బిగుసుకుపోతుంది. ఆ గాలి పంటి గుంటలోకి పోయిందంటే చెవిదాకా జివ్వుమంటుంది. మృదుల నోటికి రెండు చుట్లు మఫ్లర్ చుట్టుకుని, ముక్కుతోనే గాలి పీలుస్తూ క్లినిక్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లింది.

డాక్టర్ నటాలీ ఆమెకంటే పదేళ్లయినా చిన్నది. మొదటిసారి ఊడినప్పుడు నవ్వేసింది. రెండోసారి, రాత్రి నిద్రలో పళ్లు నూరే అలవాటుందేమో, బ్రష్ గట్టిగా తోముతున్నారేమో అంది. ఈసారి నవ్వలేదు. దీపం అటూ ఇటూ జరిపి, అద్దం పెట్టి, ఒక్కొక్క పన్నూ తీరిగ్గా చూసింది. ఆ పన్ను ఒక్కటే కాదట. వెనక దవడ పళ్లలో ఎప్పుడో న్యూజెర్సీలో ఉండగా పెట్టించుకున్న ఫిల్లింగులు కూడా నునుపు పోయి, మెత్తబడి, అంచుల దగ్గర విడుతున్నాయట. పంటి రంగులో ఉండే ఈ ఫిల్లింగులకు పులుపంటే పడదనీ, పుల్లటి పానీయం ఏదైనా మాటిమాటికీ తగులుతుంటే పైపొర మెత్తబడి, రంగు పట్టి, పంటికీ దానికీ మధ్య పట్టు వదిలిపోతుందనీ చెప్పింది. చుట్టూ ఉన్న పన్ను కూడా అరిగిపోతుందట.

అప్పుడు అడగడం మొదలుపెట్టింది. కూల్ డ్రింకులు తాగుతారా? లేదు. ఎనర్జీ డ్రింకులు? మృదులకు నవ్వొచ్చింది. పళ్లరసాలు, వైను, సోడా నీళ్లు, పొద్దున్నే నిమ్మరసం? ఏదీ లేదు. కాఫీ? పొద్దున ఒక్కటే, పాలు పోసుకుని. జవాబులు చెబుతున్నకొద్దీ మృదుల గొంతులో కాస్త గర్వం కూడా తొంగిచూసింది. కూతురు చిన్నతనంలో ఎంత ఏడ్చి మొత్తుకున్నా ఇంట్లోకి కోలా సీసా రానివ్వని మనిషి తను. చెప్పినవన్నీ నిజాలే.

డాక్టర్ చేతి తొడుగులు తీసేసి స్టూలు దగ్గరికి లాక్కుంది. గొంతు తగ్గించింది.

"ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. తిన్నాక వాంతి చేసుకునే అలవాటేమైనా ఉందా?"

మృదులకు మొదట అర్థం కాలేదు. డాక్టరే మెల్లగా వివరించింది. పంటికి పులుపు పైనుంచి తగలకపోతే కడుపులోంచి తగలాలి కదా అంది. పోయినసారి కంటే బాగా చిక్కారు కూడా అంది. చాలామంది ఆడవాళ్లకు ఉంటుందనీ, సిగ్గుపడాల్సింది ఏమీ లేదనీ, కావాలంటే మాట్లాడడానికి మనుషులున్నారనీ చెప్పింది. ఆ చెప్పడంలో దయ ఉంది. ఆ దయే మృదులకు ఒళ్లు మండేలా చేసింది. లేదంది.

డాక్టర్ అప్పటికి గుంటలో తాత్కాలికంగా ఏదో మెత్తి, రెండు వారాల తర్వాత రమ్మంది. లేచేముందు అసలు సంగతి చెప్పింది. ఆ పంటికి ఇంకో ఫిల్లింగును పట్టి ఉంచే సత్తువ పెద్దగా మిగల్లేదు. ఒక్కసారి పెట్టి చూడొచ్చు. అదీ ఊడితే రూట్ కెనాల్ చేసి, పన్నంతా అరగదీసి తొడుగు వేయాల్సిందే, అప్పటికి ఆ మొదలు నిలిస్తే. ఈలోగా పులుపు ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోకపోతే పెట్టినా దండగే అంది.

ఇంటికి వస్తూ దారంతా మృదుల తనలో తను వాదించుకుంటూనే ఉంది. పద్దెనిమిదేళ్లు తనలో తప్పులు వెతికిన అత్తగారికి కూడా తట్టని తప్పు ఈ అమ్మాయికి తట్టింది. వాంతి చేసుకుంటానట! ఇంట్లోకి వచ్చి కోటు విప్పి, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి చారు పెట్టింది.

ఇల్లు పెద్దది. నలుగురైదుగురు వచ్చిపోతారని కొన్నారు. అమెరికాలో గ్రీన్ కార్డు కోసం చూసి చూసి, విసిగి, కెనడాకి అప్లై చేసి రెజైనాకి వచ్చినప్పుడు ముగ్గురూ కలిసే వచ్చారు. మృదులకు ప్రావిన్స్ గవర్నమెంటులో ఐటీ ఉద్యోగం దొరికింది. కూతురు ఇషిత విమానం ఎక్కి వెళ్లేంత దూరంలో ఉన్న హామిల్టన్‌లో యూనివర్సిటీకి వెళ్లిపోయింది. ఆ చలికాలం గడవగానే, అప్పటికి ఏడాదిగా పనిలేక ఉన్న భర్త వంశీధర్‌కి అటువైపే ఉన్న సార్నియాలో, కెమికల్ ప్లాంట్ కంట్రోల్ రూంలో ఉద్యోగం వచ్చింది. నువ్వు గవర్నమెంట్ జాబ్ వదులుకోకు, కొన్నాళ్లు చూద్దాం అన్నాడు వంశీ. ఆ కొన్నాళ్లకు వచ్చే మార్చితో రెండేళ్లు. సార్నియా నుంచి హామిల్టన్‌కు కారులో వెళ్లొచ్చు కాబట్టి సెలవు దొరికిన ఆదివారం తండ్రీకూతుళ్లు కలిసి భోంచేసి మృదులకు ఫొటో పంపుతారు. మృదుల దాని మీద ఒక గుండె బొమ్మ పెడుతుంది.

ఒక్కదానికి అన్నం వండుకోవడం మొదట్లో బాగానే సాగింది. చిన్న గిన్నెలో గుప్పెడు బియ్యం. తర్వాత అదీ మిగిలిపోయి, మర్నాటికి పెచ్చుకట్టి, పారేయడానికి మనసొప్పక, తినడానికి సహించక, ఒకరోజు అన్నం మానేసి చారు మాత్రం పెట్టుకుంది. చింతపండు నానేసి పిసికి, పసుపూ ఉప్పూ వేసి, మిరియాలూ జీలకర్రా దంచి, ఇంగువ పోపు వేస్తే ఇల్లంతా మనుషులున్న ఇల్లులా వాసన వస్తుంది. కలిపి తినడానికి అన్నం లేదు కాబట్టి స్టీలు గ్లాసులో పోసుకుని తాగింది. వేడిగా గొంతు దిగుతుంటే హాయిగా అనిపించింది. రెండో గ్లాసు. సోఫాలో కాళ్లు ముడుచుకుని, టీవీలో ఏదో నడుస్తుంటే, ఒక్కో గుక్కా చప్పరిస్తూ, చల్లారితే మళ్లీ వెచ్చబెట్టుకుంటూ సాయంత్రం అంతా గడిపేసింది. ఎన్నాళ్లుగానో కొండలా కనపడుతున్న సాయంత్రం ఇట్టే కరిగిపోయింది.

అప్పటినుంచి అదే. పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఓ బ్రెడ్డు ముక్కో అరటిపండో, రాత్రికి చారు. మిగిలిన చారు పొద్దున వెచ్చబెట్టి, మూతున్న స్టీలు కప్పులో పోసుకుని మీటింగులకు కూర్చుంటుంది. స్క్రీన్ మీద అందరి చేతుల్లోనూ కప్పులుంటాయి, తన చేతిలోనూ ఉంటుంది. మృదుల కాఫీ ఎప్పటికీ అయిపోదు అని వాళ్లు ఆటపట్టిస్తారు. అది కాఫీ కాదని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఇంకెంత చెప్పాలో.

సాయంత్రాలు ప్లాంటుకు వెళ్తూ కారులోంచి వంశీ ఫోన్ చేస్తాడు. ఎత్తగానే ఒకటే మాట, తిన్నావా అని. ఆ, తిన్నా అంటుంది మృదుల. నువ్వో అంటుంది. ఆ, అయింది అంటాడు. ఆ తర్వాత మంచు సంగతి, కారు బ్యాటరీ సంగతి, ఇషిత పరీక్షల సంగతి. అబద్ధం చెబుతున్నానని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు. చారు కడుపులోకి వెళ్లిందా లేదా? అతను వచ్చినప్పుడు, లేదా తను అక్కడికి వెళ్లినప్పుడు పప్పూ కూరా పచ్చడీ పెరుగూ అన్నీ ఉండేవి. ఇద్దరూ కూర్చుని తినేవారు. ఎవరికీ ఏమీ కనపడలేదు.

శనివారం ఇషిత ఫోన్ చేసినప్పుడు మృదుల ఈ డాక్టర్ గోలంతా నవ్వులాటగా చెప్పింది. మీ అమ్మ వాంతులు చేసుకుంటుందట, సినిమా హీరోయిన్ అవుదామని కాబోలు అంది. ఇషిత నవ్వుతుందనుకుంది.

"మామ్," అంది ఇషిత. "వాట్ డిడ్ యూ ఈట్ టుడే?"

"తిన్నానే తల్లీ. బాగానే తిన్నా."

అది కాదు, ఏం తిన్నావో చెప్పమంది. ఇషితకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. మృదుల చారు అంది. చారుతో ఏంటి అని అడిగింది. వట్టి చారే అంది మృదుల. నిన్న? నిన్నా చారే. మొన్న? మృదుల గిన్నె మీద మూత సర్దింది.

"మామ్, దట్స్ నాట్ ఫుడ్. యూ ఆర్ డ్రింకింగ్ ఇట్."

చారు తాగేది ఏమిటే, కలుపుకు తినేది కదా అనబోయి మృదుల ఆగిపోయింది. చేతిలో గ్లాసు ఉంది. అందులో చారుంది. పక్కన అన్నం లేదు, కంచం లేదు. ఏం తాగుతారని డాక్టర్ అన్ని పేర్లు చదివినా ఇది గుర్తుకు రాలేదు, ఎందుకంటే ఇది తిండి. తిన్నావా అని వంశీ అడిగినప్పుడల్లా ఇదే గుర్తొచ్చింది, ఎందుకంటే ఇది తిండి. చింతపండు పులుపు. రోజూ, గంటలకొద్దీ, వేడివేడిగా, గుక్క గుక్కగా. పసుపు కూడా.

నాన్నకు చెప్పనా అని ఇషిత అడిగింది. వద్దు, నేను చెబుతాను అంది మృదుల. ప్రామిస్ చేయించుకుని గానీ పిల్ల ఫోన్ పెట్టలేదు. ఆ రాత్రి మృదుల గిన్నెలో మిగిలిన చారు సింకులో పారబోయలేదు. తాగనూ లేదు. మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది.

ప్రామిస్ అయితే చేసింది కానీ, ఆదివారం చెప్పలేదు. సోమవారమూ చెప్పలేదు. వంశీ తిన్నావా అన్నాడు, ఆ అంది. ఒకరోజు ఉప్మా చేసుకుంది, ఒకరోజు బ్రెడ్డు కాల్చుకుంది. సాయంత్రాలు చేతికి ఏం పని చెప్పాలో తెలియక రెండు రోజులు మళ్లీ చారు పెట్టుకుంది. తాగుతూ నాలుకతో ఆ తాత్కాలికపు మెత్తును తడిమి చూసుకుంది. పన్ను పోతే పోయిందని కూడా అనిపించింది ఒక క్షణం. పన్ను పోతే తొడుగు వేస్తారు. ఈ గ్లాసు పోతే ఏం వేస్తారు?

క్లినిక్‌కి వెళ్లిన రోజు మాత్రం, కుర్చీలో వెనక్కి వాలకముందే చెప్పేసింది. చింతపండుతో కాచే ఒక సూప్ ఉందనీ, అదే రాత్రి భోజనమనీ, పొద్దున పనిలో కూడా అదే తాగుతుంటాననీ అంది. డాక్టర్ నటాలీ ఆమె ముఖం వంక చూసి, ఎంతసేపు తాగుతారని అడిగింది. సాయంత్రమంతా అంది మృదుల. డాక్టర్ దానికేమీ ఆశ్చర్యపోలేదు. మానేయక్కర్లేదంది. అంత ఎక్కువ తాగడం కంటే అంతసేపు తాగడమే చెడ్డదట. మాటిమాటికీ పులుపు తగులుతుంటే నోట్లో ఊరే నీటికి పంటిని తేరుకోనిచ్చే వ్యవధి దొరకదట. భోజనంతో కలిపి తినేసి, మంచినీళ్లు పుక్కిలించి, అక్కడితో ఆపేయమంది. వెంటనే బ్రష్ చేయొద్దంది.

"భోజనంతో అంటే?" అంది మృదుల.

"మీ వాళ్లు మామూలుగా దాన్ని ఎలా తింటారో అలాగే," అంది డాక్టర్.

ఫిల్లింగ్ పెట్టడానికి చాలాసేపు పట్టింది. పంటిని ఆరబెట్టి, జిగురు రాసి, పొర మీద పొర వేసి, ఒక్కో పొరకూ నీలం వెలుతురు చూపించి గట్టిపరిచింది. అద్దం ఇచ్చి చూసుకోమంది. పన్ను ఎప్పుడూ ఏమీ జరగనట్టు ఉంది. ఇది నిలిచేదీ లేనిదీ ఇక మీ చేతుల్లోనే అని డాక్టర్ అనలేదు. అనకపోయినా మృదులకు వినపడింది.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. కోటు విప్పుతుండగానే ఫోన్ మోగింది.

"తిన్నావా?" అన్నాడు వంశీ.

"లేదు."

అవతల కారు ఇండికేటర్ టిక్కుటిక్కుమంటోంది. "ఏం, ఇంకా వండలేదా?"

"వండడం మానేసి చాన్నాళ్లయింది వంశీ. నువ్వు వెళ్లాక వచ్చిన వేసవి నుంచి రాత్రిళ్లు అన్నం తినట్లేదు. చారు కాచుకుని తాగి పడుకుంటున్నా. పన్ను అందుకే ఊడుతోందట."

"రోజూ తిన్నానంటావుగా?"

"చారు తాగినా తిన్నట్టే అనుకున్నా. నిజంగానే అనుకున్నా."

ఇండికేటర్ ఆగిపోయింది. కారు పక్కకు తీసి ఆపినట్టున్నాడు. నాతో ఒక్క ముక్క అనలేకపోయావా మృదూ అన్నాడు.

"అంటే ఏం చేస్తావు? రిజైన్ చేసి వచ్చేస్తావు. ఇక్కడ మళ్లీ ఏడాది ఖాళీగా కూర్చుని గోడలు చూస్తావు. అప్పుడు ఇద్దరం కూర్చుని చారు తాగాలి."

అతను నవ్వబోయాడు. రాలేదు.

"సరే, నువ్వేం తిన్నావో చెప్పు," అంది మృదుల.

"క్యాంటీన్లో..."

"రాత్రి షిఫ్టుకి క్యాంటీనేంటి? మూసేస్తారన్నావుగా?"

"కారులోనే తింటున్నా. శాండ్‌విచ్."

"రోజూనా?"

"రోజూ కాదులే," అన్నాడు. మళ్లీ తనే, "చాలా రోజులు," అన్నాడు.

ఇద్దరూ మాట్లాడలేదు. ఆ మౌనం చిత్రంగా, ఈ రెండేళ్లలో వాళ్లు మాట్లాడుకున్న కబుర్లన్నిటికంటే దగ్గరగా అనిపించింది మృదులకు. కానీ అది ఎంతోసేపు ఉండేది కాదు. షిఫ్టు వేళవుతోంది, లోపలికి వెళ్తే ఫోన్ లాకర్లో పెట్టేయాలి. మార్చిలో కూర్చుని ఏదో ఒకటి తేల్చుకుందాం, అటో ఇటో అన్నాడు. సరే అంది. ముందు పొయ్యి మీద అన్నం పడెయ్ అన్నాడు. సరే, నువ్వు లోపలికి పో అంది.

ఫోన్ పెట్టేశాక మృదుల బియ్యం డబ్బా తీసింది. ఎన్ని పొయ్యాలో చెయ్యి మరిచిపోయింది. గుప్పెడు పోసి, చాలదనిపించి ఇంకాస్త పోసి కడిగింది. ఓ పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఇంకో పొయ్యి మీద చారు మరగబెట్టింది. అప్పడం ఒకటి కాల్చింది. పై అరలోంచి కంచం దించి, తుడిచి, బల్ల మీద పెట్టుకుంది. బల్లకు ఆరు కుర్చీలు. కిటికీ వైపుది ఎంచుకుని, ఎందుకో మళ్లీ మార్చుకుని పొయ్యి వైపుదాన్లో కూర్చుంది.

వేడన్నంలో గుంట చేసి చారు పోసి, నెయ్యి వేసి కలిపింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎంత ఆకలిగా ఉందో తెలిసింది. ఎన్నాళ్ల ఆకలో. గబగబా తినేసింది. ఇంకోసారి పెట్టుకుని అదీ తినేసింది. మజ్జిగ లేదు కాబట్టి అక్కడితో అయిపోయింది. గ్లాసెడు మంచినీళ్లు పుక్కిలించి తాగింది. చారు గిన్నెలో ఇంకా సగం ఉంది, దానివంక చూడలేదు.

గోడ గడియారం చూస్తే ఆరున్నర కూడా కాలేదు. గ్లాసుతో అయితే పడుకునేదాకా సాగే చారు, అన్నంలో పోసుకుంటే ఇట్టే అయిపోయింది. ఇక మిగిలిన సాయంత్రమంతా ఎదురుగా అలాగే ఉంది. వీధిలో మంచు ఎత్తే బండి పసుపు దీపం తిప్పుకుంటూ వెళ్లింది, కాసేపు గోడల మీద ఆ వెలుతురు తిరిగింది.

లేచి కంచం కడగాలి. చిన్నప్పుడు తణుకులో భోజనాలయ్యాక ఎవరూ లేచేవారు కాదు. ఎంగిలి చేతులతోనే కూర్చుని కబుర్లలో పడితే, చేతులు ఎండిపోతున్నాయి లేవండర్రా అని వంటింట్లోంచి అమ్మ కేకలేసేది. మృదుల మోచెయ్యి బల్ల మీద ఆనించి, కుడిచెయ్యి కంచం మీద అలాగే వేలాడేసి, లేవకుండా కూర్చుంది. వేళ్ల మధ్య మెతుకులు మెల్లగా బిగుసుకున్నాయి. లెమ్మని ఎవరూ అనలేదు. చెయ్యి పూర్తిగా ఎండిపోయేదాకా ఆమె అక్కడే కూర్చుంది.